షల్మతు కోపం

ఎమెసా నుండి,
చలి తగ్గుముఖం పట్టిన రోజుల్లో

అన్నయ్య మొకీముకు తమ్ముడు యమ్లికు చేతులు జోడించి రాస్తున్నది.

అన్నయ్యా, ఈ ఉత్తరం తెచ్చినవాడు ఉన్ని బేరగాడు. అపామియాకు ఏటా వస్తాడట. అతనికి ఒక పూట తిండి పెట్టు, చాలు.

నేను బతికే ఉన్నాను. ఇక్కడ అకమా అవ్వ అనే ఆవిడ రొట్టెల అంగడిలో పని చేస్తున్నాను. ఆవిడా మన విశ్వాసంలో ఉన్న మనిషే. నోరు మాత్రం ఊరంత. నేను పిండి పిసుకుతుంటే వెనక నిలబడి, "ఒరే అపామియావాడా, అది పిండిరా, నీ పాపం కాదు. అంత ఏడుస్తూ పిసికితే ఉప్పెక్కువై చస్తుంది" అంటుంది. ఆవిడ అలా అన్న రోజు నాకు కాస్త తేలిగ్గా ఉంటుంది.

ఈ చలికాలమంతా ఆదివారాలు సంఘం కూడే ఇంటి తలుపు బయట నిలబడ్డాను. వాక్యం చదువుతుంటే వినిపిస్తుంది. రొట్టె విరిచే వేళకు పరిచారకుడు వచ్చి తలుపు మూస్తాడు. నాలాగే చక్రవర్తి ఆజ్ఞకు జడిసి అన్యదేవతల బలిపీఠం ముందు జారిపోయినవాళ్లు మొదట్లో నాతో కొందరు ఉండేవారు. పశ్చాత్తాప కాలం తీరినకొద్దీ ఒక్కొక్కరినీ లోపలికి తీసుకున్నారు. తల మీద సంఘ అధ్యక్షుడు చెయ్యి పెట్టగానే లోపల ఒకటే ఏడుపులు, కౌగిలింతలు. ఇప్పుడు బయట నేనొక్కడినే మిగిలాను.

పోయిన వారం అధ్యక్షుడు నన్ను పిలిపించాడు.

"సాంబ్రాణి వేశావా?" అన్నాడు.

"వేశానయ్యా."

"కొట్టారా, కట్టేశారా?"

"ఏమీ చేయలేదు. అధికారి నా పేరు పిలవగానే వేసేశాను."

"మీ ఇంట్లో మిగతావాళ్లు?"

"మా అన్న వేయనన్నాడు. చెరసాలలో పెట్టారు. చక్రవర్తి యుద్ధంలో చచ్చాక గానీ వదల్లేదు. ఆడవాళ్లను సాంబ్రాణికి పిలవడం మా వీధిదాకా రాలేదు. మా వదిన ఇంట్లోనే ఉంది. తర్వాత దగ్గు జబ్బు పట్టింది. అన్న చెరలో ఉండగానే పోయింది. సమాధిలో పెట్టింది నేనే."

ఆయన నన్ను కూర్చోమన్నాడు. తర్వాత, "దేవుడి ముందు నువ్వు ఏడ్చింది చాలు. ఇక మనుషుల సంగతి. నీ మీద మనసులో ఏదైనా పెట్టుకున్నవాళ్లు ఉన్నారా?" అన్నాడు.

"మా అన్న ఉన్నాడు" అన్నాను. మరి, నువ్వు విడుదలై వస్తున్నావని తెలిసి కూడా నేను ఊరు దాటి వచ్చేశాను. నువ్వూ నన్ను వెతకలేదు.

"అయితే ఆయన నోటి నుంచి మాట రావాలి. ఆయన వద్దంటే నేను చెయ్యి పెట్టలేను" అన్నాడు.

ప్రభువు తిరిగి లేచిన పస్కా పండుగ దగ్గరికొచ్చింది. ఆ తెల్లవారుజామున నన్ను లోపలికి పిలవాలని ఇక్కడివాళ్లకు ఉంది. నా మీద నీకేమీ లేదని ఒక్క మాట చెప్పు అన్నయ్యా. ఇంకేమీ అడగను.

నువ్వు నేర్పిన అక్షరాలతోనే రాశాను. తప్పులుంటే తిట్టుకో.

యమ్లికు

*

అపామియా నుండి

యమ్లికుకు.

ఉత్తరం అందింది. బేరగాడికి భోజనం పెట్టాను.

మీ అధ్యక్షుడు మా అధ్యక్షుడికి కూడా రాశాడు. ఆదివారం ప్రార్థనకు ముందు పరిచారకుడు ఎప్పటిలాగే గొంతెత్తి అడిగాడు: "తోటివాడి మీద మనసులో ఏదైనా పెట్టుకున్నవాడు ఇక్కడ ఉన్నాడా?" చిన్నప్పటి నుంచి వింటున్న కేక. ఎవరూ పలకరు. ఆ రోజు నేను లేచి నిలబడ్డాను.

"ఉన్నాను. నా తమ్ముడి మీద" అన్నాను.

ఇక్కడ నా చోటు ముందు బల్ల. నేను వస్తుంటే ముసలివాళ్లు కూడా లేస్తారు. చెర చూసి వచ్చినవాడి మాటకు ఎంత బరువుందో నీకు తెలుసు. కనుక నీ సంగతి తేలిపోయిందనుకో.

సాంబ్రాణి వేసినందుకు కాదు. వేసినవాళ్లను ఇక్కడ చాలామందిని నేనే కౌగిలించుకుని లోపలికి తెచ్చాను.

విడుదలైన రోజు ఇంటికి వచ్చాను. ఇంట్లో ఎవరూ లేరు. పక్కింటి మర్తనా పప్పుగంజి తెచ్చిపెట్టి, నన్ను ఓదార్చాలని ఇలా అంది: "మీ తమ్ముడు బంగారం బాబూ. రోజూ పొద్దున్నే ఆమెను పసిపిల్లనెత్తినట్టు ఎత్తుకుని మిద్దె మీదికి ఎండకు తీసుకెళ్లేవాడు. అక్కడ ఏం చెప్పేవాడో ఏమో, ఆ పిల్ల నవ్వు మా ఇంటిదాకా వినపడేది. దగ్గు ముంచుకొచ్చేదాకా నవ్వేది."

గంజి తిన్నాను. మంచి ఆవిడ. మళ్లీ చెప్పింది: "నీ బాధ నాకు తెలుసులే బాబూ. కానీ ఒంటరిగా పోలేదు. వాడి ఒడిలోనే తల పెట్టుకుని పోయింది."

పెళ్లైన నాటి నుంచి షల్మతు నవ్వు గోడ దాటి పక్కింటికి వినపడిన రోజు నాకు ఒక్కటీ గుర్తు లేదు. నేను చదువుకుంటుంటే ఆమె గిన్నెలు కూడా చప్పుడు కాకుండా దించేది. అదే ప్రేమ అనుకున్నాను.

లొంగినవాడికి ఆమె దక్కింది. నిలబడినవాడికి రాతిగోడ దక్కింది. ఇప్పుడు లొంగినవాడి కోసం ఊరు ఊరంతా ఏడ్చి కౌగిలించుకుంటుంది. ఎక్కడికీ పోనివాణ్ని ఎవరూ కౌగిలించుకోరు. లేచి నిలబడతారు, అంతే.

నీకు రొట్టె కూడా కావాలా?

ఆమె గురించి నాకు ఏమీ రాయకు.

మొకీము

*

ఎమెసా నుండి,
పస్కా వెళ్లిన వారానికి

అన్నయ్యకు.

నువ్వు "ఉంది" అన్న సంగతి మా అధ్యక్షుడు నాకు తానే చెప్పాడు. చెప్పి, నాకన్నా ముందు ఆయనే తల దించుకున్నాడు.

పస్కా తెల్లవారుజామున బయటే నిలబడ్డాను. లోపల దీపాలు వెలిగించారు. తలుపు సందుల్లోంచి వెలుతురు నా కాళ్ల మీద పడింది. ఆరాధన అయ్యాక అందరూ ఉపవాసం విడిచిన మొహాలతో బయటికొచ్చారు. అకమా అవ్వ కొంగులోంచి రొట్టె ముక్క, ఆలివ్ కాయలు తీసి నా చేతిలో పెట్టింది. నేను వెనక్కి జరిగితే, "భయపడకురా, దీవించిన రొట్టె కాదు. మన అంగడిదే, నిన్నటిది. నువ్వు కాల్చిందే, మాడింది కూడా. తిను" అంది.

తిన్నాను. ఇక నువ్వు రాయొద్దన్నదే రాస్తాను. నీ మాట వినడం వల్ల నాకు ఒరిగేది ఇప్పుడేమీ లేదు కదా.

వదిన నాకు "దక్కింది" అన్నావు. ఏం దక్కిందో చెప్పనా? పొద్దున్నే నెత్తురు గుడ్డలు ఏటికి తీసుకెళ్లి, ఆడవాళ్లు రేవు ఖాళీ చేసేదాకా ఆగి ఉతికేవాణ్ని. ఆవిడ తినదు. బతిమాలితే రెండు గుక్కల గంజి తాగి, "నువ్వు వండింది తినడం కన్నా ఉపవాసం పుణ్యం" అనేది. మిద్దె మీద నేనేమీ చెప్పి నవ్వించలేదు. మన వీధిలో పోయేవాళ్ల నడకలు చేసి చూపించేవాణ్ని. నీ నడక కూడా చేసేవాణ్ని. అన్నిటికన్నా దానికే ఎక్కువ నవ్వేది.

ఇంకొక మాట. వదిన కోసం సాంబ్రాణి వేశానని నువ్వు అనుకుంటున్నావేమో. ఇక్కడ అకమా అవ్వ కూడా అదే నేర్పింది. "జబ్బు మనిషిని చూసుకోవడానికి వేశానని చెప్పరా, పెద్దాయన వెన్నలా కరిగిపోతాడు" అంది. చెప్పలేకపోయాను. అప్పటికి వదినకు జబ్బే లేదు. నాకు భయమేసింది, వేశాను. అంతే.

వేసి ఇంటికొచ్చాను. వదిన వాకిట్లో కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తోంది. నా ఒళ్లంతా ఆ వాసన. ఆవిడ నా మొహం చూడలేదు. "చెయ్యి కడుక్కో. కడిగాక కూడా వాసనొస్తే మళ్లీ కడుక్కో. ఆ తర్వాత ఇలా వచ్చి ఇవి తరుగు" అంది. నన్ను క్షమించిందో లేదో ఈనాటికీ నాకు తెలియదు. పని మాత్రం చెప్పింది.

నీకు నా మీద కుళ్లుగా ఉందని రాయకపోయినా తెలుస్తోంది. నా సంగతీ విను. నాన్న నిన్ను అంతియొకయకు చదువుకు పంపి నన్ను పొయ్యి ముందు నిలబెట్టాడు. నువ్వు సెలవులకు వస్తే అమ్మ నీ చెప్పులు తుడిచేది. సైనికులు నిన్ను తీసుకుపోయిన రోజు వీధి వీధంతా ఏడ్చింది. నేను నీ చేతి సంకెళ్లను చూసి కూడా కుళ్లుకున్నాను. వాటికి భయపడే సాంబ్రాణి వేశాను, మళ్లీ వాటి మీదే అసూయ. ఇలాంటివాణ్ని నేను. నా దగ్గర దొంగిలించిన సొత్తు ఏదో ఉందని నువ్వు అనుకోవడం చూస్తే నవ్వొస్తుంది.

యమ్లికు

*

అపామియా నుండి,
గోధుమ కోతలప్పుడు

తమ్ముడు యమ్లికుకు.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను.

భయంతోనే వేశానన్న మాట నమ్ముతున్నాను. ఆమె కోసం కాదని తెలిసి నాకు ఊరట కలిగింది. అది మంచి ఊరట కాదు. అయినా కలిగింది.

నా నడక చేసి చూపించావని రాశావు. నేను ఎలా నడుస్తానో నాకు తెలియదు. మర్తనాను అడిగాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

షల్మతు నాకు ఎన్నడూ పని చెప్పలేదు. ఒకసారి నీళ్ల కుండ అందుకోబోతే, "మీకెందుకు, మీరు చదువుకోండి" అంది. నీకు ఉల్లిపాయలు ఇచ్చింది. ఇంత చిన్న విషయం ఒక మనిషిని ఇన్ని రోజులు నిద్రపోనివ్వకుండా చేస్తుందని నేను అనుకోలేదు.

ఇక్కడ ఎండలు ముదిరాయి. ఆదివారాలు పొడుగ్గా అనిపిస్తున్నాయి. పిల్లలకు గ్రీకు చెప్పే పని మళ్లీ మొదలుపెట్టాను.

రెండు విషయాలు అడుగుతాను. ఆమె గురించి రాయొద్దన్నది నేనే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మేము చెరలో ఉన్నప్పుడు సంఘంలోని ఆడవాళ్లు బుట్టల్లో తిండి తెచ్చేవారు. మొదటి నెలంతా నేను ప్రతి బుట్టనూ చూశాను. ఆమె బుట్ట ఎప్పుడూ రాలేదు. అప్పటికింకా జబ్బు పడలేదని నువ్వే రాశావు. ఎందుకు రాలేదు? ఆమెను ఎవరైనా ఆపారా? నువ్వు ఆపావా?

రెండోది. చివర్లో నన్ను తలుచుకుందా?

నిజం రాయి. రాస్తే మా అధ్యక్షుడి దగ్గరికి వెళ్లి నీ గురించి మాట్లాడతాను. బేరమాడుతున్నానని నాకు తెలుసు.

మొకీము

*

ఎమెసా నుండి,
ద్రాక్షలు రంగు తిరుగుతున్న రోజుల్లో

అన్నయ్యా,

ఇంతకాలం జవాబు రాయలేదు. రాయకూడదనే అనుకున్నాను. నిన్న జబ్దా వచ్చాడు. మన ఊరి నూనె వర్తకుడే. అంగడి ముందు గాడిదను కట్టేసి, రొట్టె నములుతూ మాటలు మొదలుపెట్టాడు.

"మీ అన్ననా? చూశానయ్యా. పాపం, ఎండలో నిలబడి ఉన్నాడు."

"ఎక్కడ?"

"ఇంకెక్కడ, సంఘం తలుపు బయట."

"బయటెందుకు? ఆయనది ముందు బల్ల కదా."

"ఏ బల్ల? నీకు తెలియదా? మీ అన్న లేచి 'తమ్ముడి మీద ఉంది' అన్నాడు చూడు, ఆ రోజే అధ్యక్షుడు, 'అయితే బాబూ, మనసులో అది ఉండగా నీ ప్రార్థనను నేను దేవుడి ముందు పెట్టలేను. సమాధానపడేదాకా నువ్వూ బయట నిలబడు' అన్నాడు. సంకెళ్లు మోసి వచ్చినవాణ్ని బయటికి పంపడమా! కొందరు అడ్డంపడ్డారు కూడా. మీ అన్న లేచి వెళ్లి బయట నిలబడ్డాడు. పస్కా నాడు కూడా అక్కడే."

అకమా అవ్వ చేతిలో పిండితోనే పొట్ట పట్టుకుని నవ్వింది. "బాగుందిరా సంబడం! ఒకడు ఇక్కడి తలుపుకు కాపలా, ఒకడు అక్కడి తలుపుకు కాపలా. మీ అమ్మ ఇద్దర్నీ గుమ్మాల కోసమే కన్నట్టుంది."

నాకు నవ్వు రాలేదు. ఒళ్లు మండింది. నువ్వు ముందు బల్ల మీద కూర్చుని నా మీద తీర్పు చెబుతున్నావనుకుని నేను ఇన్ని నెలలు కుమిలిపోయాను. నువ్వు కూడా ఎండలోనే ఉన్నావు. ఒక్క మాట రాయలేదు. నీ తీర్పు నన్ను ఒక్కడినే బయట ఉంచుతుందనుకున్నావు, నీకే తగిలింది. తగిలిందని చెప్పుకోవడానికి కూడా నీకు మనసు రాలేదు.

సరే. నేనూ దాచాను. ఇప్పుడు రాస్తాను. నీ బేరం కోసం కాదు. బేరం వదిలెయ్.

నేను ఆపలేదు. ఎవరూ ఆపలేదు. వదిన వచ్చింది.

నిన్ను తీసుకుపోయిన రెండో వారం. జీలకర్ర చల్లిన రొట్టె, ఎండు అంజూరాలు, నీకిష్టమైన ఉప్పు జున్ను బుట్టలో పెట్టుకుని వచ్చింది. నేను చెరసాల వీధి మలుపుదాకా తోడొచ్చి ఆగిపోయాను. లోపలికి రావడానికి నాకు మొహం లేదు. ఆమె చాలాసేపటికి తిరిగొచ్చింది. బుట్ట అలాగే ఉంది. ఇంటికొచ్చి బుట్ట నేల మీద పడేసి అప్పుడు చెప్పింది.

లోపల ఆడవాళ్లు గుంపుగా ఉన్నారట. నీ సంకెళ్లకు ముద్దుపెట్టడానికి ఒకరినొకరు నెట్టుకుంటున్నారట. ఆ కుంకుమపువ్వు వర్తకుడి విధవ మోకాళ్ల మీద కూర్చుని నీ పాదాలు తన పైటతో తుడుస్తోందట. నువ్వు కళ్లు మూసుకుని ఉన్నావట. వదిన వెనక నుంచి "ఏవండీ" అని పిలిచిందట. మళ్లీ పిలిచిందట. ముందున్న ఆవిడ వెనక్కి తిరిగి, "తోసుకోకమ్మా, అందరికీ ముద్దు దొరుకుతుంది" అందట.

"చూశావుట్రా," అంది నాతో, "నా మొగుడికి ముద్దు పెట్టుకోవడానికి నన్ను వరసలో నిలబడమంది."

నిలబడలేదు. వచ్చేసింది. ఆ అంజూరాలు మేమిద్దరం తిన్నాం. మర్నాడు నేను, "వదినా, మళ్లీ వెళ్దాం పద, ఈసారి ముందే వెళ్దాం" అన్నాను. "ఎందుకు? ఆయన ఇప్పుడు అందరివాడు. అందరూ ఉన్నారుగా" అంది. ప్రతి వారం బుట్ట సర్దేది. ప్రతి వారం గడప దాకా వచ్చి వెనక్కి తిరిగేది. ఆ విధవ మీద కుళ్లు. ఆ ఇనుము మీద కుళ్లు. ఒకరోజు ప్రార్థన మధ్యలో ఆగి, "దేవుడి మీద కూడా కుళ్లుకుంటే పాపమా యమ్లికూ?" అని అడిగింది. నాకేం తెలుసు? సాంబ్రాణి వేసినవాణ్ని అడగాల్సిన మాటేనా అది?

తర్వాత జబ్బు వచ్చింది. వెళ్దామన్నా వెళ్లలేని రోజులు.

నిన్ను తలుచుకుందా అని అడిగావు. చివరి రోజు మాట సరిగ్గా రావడం లేదు. నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాగి అంది: "ఆయన వస్తే చెప్పు. నేను కోపంగానే పోయానని చెప్పు. ప్రశాంతంగా పోయిందని ఎవరైనా చెబితే, మరిచిపోయి పోయిందనుకుంటాడు."

చెప్పమన్న మాట. చెప్పకుండా ఊరు విడిచి వచ్చేశాను. నీకు బాధ కలుగుతుందని దాచానని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆ మాట నా ఒక్కడి చెవిలో చెప్పింది. దాన్ని నీకిచ్చేస్తే ఆవిడ నాకిచ్చింది ఏమీ మిగలదనిపించింది. తల్లి పోయాక నాకు ఆ ఇంట్లో అన్నం పెట్టింది ఆవిడే కదా.

ఇచ్చేశాను. ఇక నువ్వు మీ అధ్యక్షుడితో మాట్లాడినా, మాట్లాడకపోయినా నీ ఇష్టం.

ఎండలో నిలబడేటప్పుడు తలకు గుడ్డ కట్టుకో.

యమ్లికు

*

అపామియా నుండి,
సోమవారం

ప్రియమైన తమ్ముడు యమ్లికుకు శాంతి కలుగుగాక.

ఉత్తరం అందింది. చదివిన వెంటనే నాకు వచ్చింది దుఃఖం కాదు. నీ మీద అసూయే వచ్చింది. ఆమె తన కోపాన్ని కూడా నీ చేతికే ఇచ్చి పోయింది.

దుఃఖం తర్వాత వచ్చింది. దాని గురించి రాయను.

ఆ రోజు నాకు గుర్తుంది. కళ్లు మూసుకున్నది ప్రార్థన కోసం కాదు. అంతమంది అలా చేస్తుంటే నాకు బాగుంది.

ఇవాళ అధ్యక్షుడి దగ్గరికి వెళ్లాను. తగవులు ఆయన సోమవారమే వింటాడు. మళ్లీ ఆదివారంలోపు సమాధానపడటానికి మనుషులకు గడువు ఉండాలని ఆయన పద్ధతి. నాకన్నా ముందు ఇద్దరు చాకలివాళ్లు ఒక తొట్టి గురించి అరుచుకుంటున్నారు. వాళ్లు కౌగిలించుకుని వెళ్లిపోయేదాకా కూర్చున్నాను. తర్వాత లేచి, "నా తమ్ముడి మీద నాకేమీ లేదు" అన్నాను.

ఆయన మొహం వెలిగింది. "ఎన్నాళ్లకు! అయితే ఆదివారం లోపలికి వచ్చెయ్."

"రాలేను."

"మళ్లీ ఏమైంది?"

"నా మీద ఒకరికి ఉంది."

"ఎవరికి? పిలిపిస్తాను."

"షల్మతుకు" అన్నాను.

నేను జరిగింది చెప్పాను. సంకెళ్ల సంగతి, బుట్ట సంగతి. ఆయనకూ కష్టంగానే ఉంది. ఆ రోజుల్లో చెరసాలకు వెళ్లి సంకెళ్లను ముద్దుపెట్టుకోమని ఆడవాళ్లను పంపింది ఆయనే.

చివరికి, "ఆమె కోపం నీ దాకా ఎవరు తెచ్చారు?" అని అడిగాడు.

"తమ్ముడు."

"ఆమె ఎవరి చేతికిచ్చింది?"

"వాడికే."

"అయితే అది వాడి దగ్గరుంది. ఆమె తరఫున వినాల్సింది వాడే. వెళ్లి వాణ్ని అడుగు."

"నేనా? వాణ్నా క్షమించమని అడగాలి?"

"ఏం, ఎమెసాకు దారి లేదా?" అన్నాడు. పక్కనున్న పరిచారకుడు మొహం తిప్పుకున్నాడు. నవ్వుకున్నాడనుకుంటాను.

నీ మీద నాకేమీ లేదని మీ అధ్యక్షుడికి వేరే ఉత్తరం రాశాను. జబ్దా ఎల్లుండి బయలుదేరుతున్నాడు, రెండూ అతనితోనే పంపుతున్నాను. నేను వచ్చేదాకా ఆగకు. అది అందిన ఆదివారమే లోపలికి వెళ్లు. నీ తల మీద చెయ్యి పెట్టేటప్పుడు అందరూ ఏడుస్తారు. నువ్వు లోపల, నేను బయట. ఈ మాట రాసి కలం పక్కన పెట్టి, వాకిట్లో కాసేపు తిరిగి వచ్చాను.

పిల్లల బడికి వేరొకరిని కుదిర్చి ఈ నెలలోనే బయలుదేరుతాను. నడిచే వస్తాను. నీ ఇంటి గుమ్మం ముందు నిలబడి, ఆమెను చూడనందుకు నిన్ను క్షమించమని అడుగుతాను. ఆమె తరఫున జవాబు నువ్వే చెప్పాలి. వెంటనే సరేననకు. ఆమె అయితే అనేది కాదు.

ఆ తర్వాత నాకు ఆ సంవత్సరం మొత్తం చెప్పాలి. ఏ రోజు ఏం తిన్నదో, ఎవరిని తిట్టిందో, నన్ను ఏ పేరుతో వెక్కిరించిందో. నీకు చిన్నగా అనిపించినవీ వదలకు. నా అసూయ పోయిందనుకోకు, పోలేదు. నువ్వు చెబుతుంటే నా మొహం మారుతుంది. ఒక్కోసారి లేచి వెళ్లిపోతానేమో కూడా. మళ్లీ వస్తాను.

నువ్వు మాత్రం ఆపకు.

మొకీము